ఐఎల్28బీ జీన్ టెస్టు ఆపేశాం, కట్టిన డబ్బులు వెనక్కి ఇస్తున్నాం

అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మన ల్యాబ్ రేట్ల పట్టికలో ఒక టెస్టు తీసేశాను. హెపటైటిస్ సీ, అంటే వైరస్ వల్ల కాలేయానికి వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు చేసే ఐఎల్28బీ జీన్ టెస్టు, 4,500 రూపాయలు. అది మన దగ్గర చేసేది కాదు, రక్తం తీసి థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులు సర్ది రాత్రి బస్సుకి హైదరాబాద్ పంపేవాళ్లం. రెండేళ్లలో ముగ్గురికి చేయించాం. ఆ ముగ్గురి డబ్బులూ పూర్తిగా ఇచ్చేస్తున్నాను, ఎందుకో కూడా మీకు చెప్పాలి.

పోయిన నెల ఒకాయన వచ్చారు, ట్రాక్టర్ మెకానిక్. హెర్నియా ఆపరేషన్‌కి ముందు చేసే రక్త పరీక్షల్లో హెచ్‌సీవీ, అంటే హెపటైటిస్ సీ వైరస్, పాజిటివ్ అని తేలింది. వాళ్లబ్బాయి ఫోన్లో ఏదో చదివి ఈ జీన్ టెస్టు చేయించాల్సిందే అన్నాడు. కౌంటర్లో ఉన్నది నేనే. డాక్టరు చీటీ ఉందా అని కూడా అడక్కుండా బిల్లు కొట్టేశాను. వారానికి రిపోర్టు వచ్చింది. అందులో ఫలితం రెండే అక్షరాలు, సీటీ. కింద ఇంగ్లిషులో ఒక ముక్క, చికిత్సకు స్పందన తక్కువగా ఉండొచ్చని. ఆయన ఆ కాగితం మడిచి, మళ్లీ విప్పి, గ్రీజు పోని వేలు ఆ రెండక్షరాల మీద పెట్టి "అంటే నా పుట్టుకలోనే ఉందా అండీ? మందు పనిచెయ్యదా?" అన్నారు. బెంచీ మీద అరగంట అలాగే కూర్చుండిపోయారు. ఆ టెన్షన్ ఆయనకి పెట్టింది నేనే.

ఆ ముక్క పాత మందు గురించి రాసింది. అప్పట్లో ఈ జబ్బుకి వారానికో ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ని ఎదిరించమని ఒంటిని హెచ్చరించే ప్రోటీన్) ఇంజెక్షన్, రోజూ రైబావిరిన్ మాత్రలు, ఈ వైరస్ రకాల్లో జినోటైప్ 1 అనేది అయితే 48 వారాలు. జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తహీనత, కొందరికి తీవ్రమైన మానసిక కుంగుబాటు. ఇంత పడ్డాక కూడా కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు. ఎందుకో 2009లో కొంత తెలిసింది. 19వ క్రోమోజోమ్‌లో ఐఎల్28బీ జీన్ పక్కన ఒక్క అక్షరం తేడా. అక్కడ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, సీ గానీ టీ గానీ వస్తుంది; రిపోర్టులో రెండక్షరాలు అవే. అక్కడ సీసీ ఉన్నవాళ్లకు జినోటైప్ 1 వైరస్ పోయే అవకాశం టీటీ వాళ్లకంటే దాదాపు రెండు రెట్లు. మందే లేకుండా వైరస్‌ని తమంతట తామే వదిలించుకున్నవాళ్లలో కూడా సీసీ వాళ్లే ఎక్కువ.

తర్వాత 2013లో తేలింది నాకు ఇంకా వింతగా అనిపిస్తుంది. ఆ పక్కనే ఐఎఫ్‌ఎన్‌ఎల్4 అని ఇంకో జీన్ ఉంది. అది తయారుచేసేది కూడా వైరస్‌ని ఎదిరించే రకం ప్రోటీనే, కానీ అది తయారయ్యేవాళ్లకే వైరస్ పోవడం కష్టం. అలాంటివాళ్ల కాలేయంలో ఇంటర్‌ఫెరాన్‌కి స్పందించే జీన్లు ముందే పనిలో ఉంటున్నాయి, అయినా వైరస్ తిష్ఠ వేసుకునే ఉంది. పొద్దున్నుంచి సైరన్ మోగుతూనే ఉన్న ఊళ్లో ఇంకో సైరన్ మోగిస్తే ఎవరు కదులుతారు? బయటినుంచి ఇంజెక్షన్లో ఇచ్చే ఇంటర్‌ఫెరాన్‌ది కూడా అదే పరిస్థితి.

ఇప్పటి మాత్రలు మన రోగనిరోధక శక్తి దయ మీద నడవవు, నేరుగా వైరస్ పెరిగే యంత్రాంగాన్నే ఆపుతాయి. వాటిలో ఒకటైన సోఫోస్‌బువిర్‌కి అమెరికాలో 2013 డిసెంబరులో అనుమతి వచ్చినప్పుడు ఒక్కో మాత్ర 1,000 డాలర్లు. తర్వాత లైసెన్సు తీసుకుని మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, నాట్కో కూడా తయారుచేశాయి. సోఫోస్‌బువిర్‌కి వెల్‌పటాస్‌విర్ అనే ఇంకో మందు కలిపి మామూలుగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పోతోంది. సీసీ అయినా, సీటీ అయినా, టీటీ అయినా వేసుకునేది అవే మాత్రలు. పైగా మన దేశంలో ఎక్కువగా కనిపించేది జినోటైప్ 3, దానిలో పాత మందు రోజుల్లో కూడా ఈ జీన్ ప్రభావం తక్కువే. 4,500 తీసుకుని నేను ఆయనకి ఇచ్చింది భయం మాత్రమే.

హెచ్‌సీవీ పాజిటివ్ వస్తే ముందు చేయించాల్సింది ఆర్‌ఎన్‌ఏ టెస్టు, ఒంట్లో వైరస్ ఇప్పుడు ఉందా లేదా చెప్పేది అదే. మాత్రలు మొదలుపెట్టేముందు హెపటైటిస్ బీ కూడా చూడాలి, ఎందుకంటే సీ తగ్గేటప్పుడు లోపల దాగిన బీ విజృంభించే ప్రమాదం ఉంది. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మాత్రలు ఉచితం. అక్కడికి వెళ్తే నాకు బిల్లు పోతుంది, పోనివ్వండి, ముందు అక్కడే అడగండి.

ఇంకొకటి, జబ్బు తగ్గినవాళ్లు తగ్గిందో లేదో చూద్దామని మళ్లీ కార్డు టెస్టుకి వస్తున్నారు. దయచేసి రావద్దు. కార్డు టెస్టు చూసేది వైరస్‌ని కాదు, దాన్ని ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని. అవి ఏళ్ల తరబడి ఉంటాయి, పాజిటివ్ అనే చూపిస్తుంది, మీరు అనవసరంగా హడలిపోతారు.

మెకానిక్ గారు పెద్దాసుపత్రిలో మాత్రలు మొదలుపెట్టారు, ఇప్పటికి రెండు వారాలు. డబ్బులు ఇంటికెళ్లి ఇచ్చొచ్చాను. మిగతా ఇద్దరిలో ఒకరి నంబరు పనిచేయడం లేదు. ఇది చదివి అది మీరే అనుకుంటే రండి, బిల్లు లేకపోయినా పర్లేదు, రిజిస్టర్‌లో మీ పేరు ఉంది.