అమ్మ బీపీని దారికి తెచ్చినవాళ్ళందరికీ

అమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఫోన్ చేసి అడుగుతున్నవాళ్ళందరికీ ముందుగా ఆ మాట. ఆపరేషన్ దాకా మమ్మల్ని నడిపించినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు.

శుక్లం తీయడానికి తేదీ ఇచ్చారు. ఆ పొద్దున బీపీ చూస్తే 184/100. వాయిదా వేసి, బీపీ తగ్గించుకుని రమ్మన్నారు. అమ్మకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. "ఏ నొప్పీ లేనిదాన్ని, నాకెట్లా వస్తుందిరా బీపీ?" అని ఒకటే మాట. చాలామందికి బీపీ ఏ గుర్తూ చూపించదని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ టెన్షన్ అంతేలే అని ఒకరు, మజ్జిగ తాగితే దిగిపోతుందని ఇంకొకరు. ఒక బంధువైతే తన మాత్రల షీటే పంపించాడు!

మా వార్డు ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మకు మొదటి నమస్కారం. మేం వెళ్ళగానే ఆమె అమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టలేదు. బాత్రూంకి వెళ్ళి రమ్మన్నారు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నారు. మా అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. రెండు చేతులకూ చూశారు, కుడి చేతికి ఎక్కువొచ్చింది, 166/96. ఇకమీదట ఎప్పుడు చూసినా కుడి చేతికే చూడమన్నారు. "ఇందులో ఆస్పత్రి భయం ఎంతో తేల్చుకుని మాత్ర రాస్తాను. వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే" అన్నారు. ఈలోగా 180/110 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, కాలో చెయ్యో పట్టు తప్పడమో కనిపిస్తే వారం అయ్యేదాకా ఆగకుండా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్ళమన్నారు.

ఎదురింటి రిటైర్డ్ సార్ తన మెషీన్ ఇచ్చారు. దాంతో చూసిన ప్రతిసారీ అంకె గుండె జారిపోయేంత ఎక్కువ. ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం అక్క వచ్చి, టేపుతో అమ్మ చేయి కొలిచి, "ఈ పట్టీ అమ్మ చేతికి చిన్నది, అందుకే ఎక్కువ చూపిస్తోంది" అంది. పెద్ద పట్టీ తెప్పించాక సగటు 154/92. భయమూ కొంత ఉంది, బీపీ కూడా ఉంది. ఆ అక్క చూడకపోయుంటే లేనిపోని మాత్రలు మింగించేవాళ్ళం. ఇంత చిన్న సంగతి మెషీన్ అమ్మేవాళ్ళు ఎందుకు చెప్పరో!

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, షుగర్, మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ చూశాక ఆమ్లోడిపిన్ 5 రాశారు. కొన్నాళ్ళకు పాదాలు వాచాయి. కిడ్నీలు పోయాయని పిన్ని ఏడుపు అందుకుంది. ఆ మాత్ర రక్తనాళాలను వెడల్పు చేస్తుందని, దానివల్ల కొందరికి పాదాల్లోకి నీరు దిగుతుందని, ఇది కిడ్నీ జబ్బు కాదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పి టెల్మిసార్టన్ 40కి మార్చారు. కొన్ని వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూసి సరిగ్గానే ఉన్నాయన్నారు. కిడ్నీలను పాడుచేసేది మాత్ర కాదు, అదుపు లేని బీపీ అని పిన్నికి కూడా ఫోన్‌లో చెప్పారు. తగ్గింది కదా, ఆపేద్దామా అంటే, "కళ్ళజోడు తీస్తే మళ్ళీ మసకే కదమ్మా" అన్నారు.

శనివారం ఒక్కపొద్దు కాబట్టి అమ్మ ఆ రోజు మాత్ర మానేసేది. "మాత్రా, గుక్కెడు నీళ్ళూ వేసుకుంటే ఒక్కపొద్దు చెడదు, స్వామికి మీ మాత్రతో పేచీ లేదు" అని డాక్టరమ్మ అన్న ఒక్క మాటతో అది దారికొచ్చింది. అలిపిరి మెట్ల మొక్కు మాత్రం బీపీ కుదుటపడి, తాను సరేననేదాకా ఆగమన్నారు. 3550 మెట్లు, ఆగమనడం న్యాయమే.

తిండి దగ్గర మాకు కష్టమైంది. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు. ఊరుబిండి (రోటి పచ్చడి), ఊరగాయ, కరువాడు (ఎండు చేప), వడియాలు, పెరుగన్నంలో ఉప్పు, ఇవన్నీ కలిస్తే మధ్యాహ్నానికే ఆ చెంచా అయిపోతుంది. కరువాడు మానేసింది. ఊరుబిండి ఉప్పు తగ్గించి నూరుతోంది. ఊరగాయ దగ్గర ఇప్పటికీ బేరాలే.

మా వీధి మెడికల్ షాపు అన్నకు ప్రత్యేకంగా దండం. మోకాళ్ళ నొప్పికి ఎప్పుడూ కొనే మాత్రలు అడిగితే, "బీపీ మాత్ర వాడుతున్నావు కదమ్మా, ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీకీ మంచివి కావు, డాక్టరమ్మను అడిగి రా" అని వెనక్కి పంపాడు. బేరం పోయినా ఫర్వాలేదనుకునే దుకాణదారు మా వీధిలో ఉండటం మా అదృష్టం.

ఇప్పుడు ఇంట్లో చూస్తే 130/80 చుట్టుపక్కల ఉంటోంది. సార్ మెషీన్ తిరిగి ఇచ్చేశాం, మేమూ ఒకటి కొన్నాం. పెద్ద పట్టీ కూడా ఉంది. వీధిలో ఎవరికైనా చూసుకోవాలంటే పొద్దున్నే మా ఇంటికి రండి, కాఫీ తాగకుండా రండి. చూశాక అమ్మే పెడుతుంది.