చేతికి ఆగడం నేర్పినవాళ్లకు కృతజ్ఞతలు

కొత్తగా గరిటె పట్టిన మా విద్యార్థులకు దగ్గరుండి వంటింటి జాగ్రత్తలు, ప్రథమ చికిత్స నేర్పిన నర్సు గారికి, అగ్నిమాపక సిబ్బందికి, గ్యాస్ మెకానిక్ గారికి శిక్షకులందరి తరఫున కృతజ్ఞతలు. ఒట్టి ధన్యవాదాలతో సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఆ రోజు రాలేకపోయిన పిల్లల కోసం వాళ్లు చెప్పినవాటిలో ముఖ్యమైనవి రాస్తున్నాం.

చేయి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు. అందరూ తప్పేది ఇక్కడే. రెండు నిమిషాలకే మంట తగ్గుతుంది, చేయి బయటికి వచ్చేస్తుంది. పైన చల్లబడినా చర్మం లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది, అది కండను కాలుస్తూనే ఉంటుంది. ఆలస్యమైనా ఫరవాలేదు, కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పెట్టినా మేలే. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు. ఐసు పెడితే ఆ చోటికి రక్తం అందక గాయం ఇంకా లోతవుతుంది. టూత్‌పేస్టు, వెన్న, నూనె పూస్తే తర్వాత డాక్టరు వాటిని గీకి తీయాలి, ఆ నొప్పి అదనం. చల్లబరిచాక క్లింగ్ ఫిల్మ్‌ను (తిండి మీద కప్పే పలుచని ప్లాస్టిక్ పొర) గాయం మీద పొడవుగా పరచాలి. చుట్టూ చుడితే వాపు వచ్చినప్పుడు బిగుసుకుంటుంది. బొబ్బలు చిదమొద్దు. గాయం బాధితుడి అరచేయి కంటే పెద్దదైనా, ముఖం మీదో కీళ్ల మీదో ఉన్నా, చర్మం తెల్లబారి నొప్పే తెలియకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నొప్పి లేదంటే చిన్న గాయమని కాదు, నరాలు కూడా కాలాయని.

మరిగే నీళ్ల కంటే ఆవిరికి ఎందుకు భయపడాలో నర్సు గారు లెక్క వేసి చూపించారు. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే సుమారు 540 కేలరీల వేడి వదులుతుంది. ఆ నీరు 100 డిగ్రీల నుంచి 37కు దిగడానికి వదిలేది ఇంకో 63 మాత్రమే. అందుకే మూత తీసేటప్పుడు ముందు అవతలి అంచు ఎత్తాలి. మసిగుడ్డ తడిగా ఉంటే గిన్నె పట్టుకోవద్దు. తడి గుడ్డలోంచి వేడి ఇట్టే చేతికి పాకుతుంది.

నూనె అంటుకున్నప్పుడు మూత వేయడాన్ని అగ్నిమాపక సిబ్బంది ప్రతి ఒక్కరి చేతా చేయించారు. పైనుంచి పడేయడం కాదు. మూతను డాలులా ముందు పెట్టుకుని, బాణలికి మన వైపున్న అంచు మీద ఆనించి అవతలికి జరపాలి. చేయి అందితే స్టవ్ ఆపాలి. బాణలిని కదిలించకూడదు. నీళ్లు పోస్తే అవి నూనె కిందికి దిగి ఒక్కసారిగా దాదాపు 1700 రెట్లు ఆవిరిగా ఉబ్బి, మండుతున్న నూనెను పైకి చిమ్ముతాయి. ఆరిందో లేదో చూద్దామని మూత ఎత్తారో, గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

కోసుకున్న వేలిదీ అదే కథ. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో తొంగి చూడకూడదు. చూస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం చెదిరిపోతుంది. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి మరింత గట్టిగా నొక్కాలి. వేలు తిమ్మిరెక్కినా, వంగకపోయినా, గాయం ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించాలి. గాజు ముక్క దిగితే లాగొద్దు. చాకు జారిపడుతుంటే పట్టుకోబోవద్దు, చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేయాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, చెక్క చాకుతో పదేసి సార్లు చేయిస్తే గానీ అలవాటు కాలేదు.

సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరవాలి. ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌దైనా సరే. లీకేజీ చూడాలంటే ట్యూబు అతుకుల మీద సబ్బు నురగ రాస్తే చాలు, బుడగలే చెబుతాయి.

వాళ్ల మాట మేరకు మందుల పెట్టెను పొయ్యి పక్క నుంచి తలుపు దగ్గరికి మార్చాం, మంట లేస్తే పొయ్యి పక్కకి చేయి పోదు కదా. దూది గాయానికి అంటుకుంటుందని అది తీసేసి గాజ్ (గాయానికి కట్టే పలుచని నేత గుడ్డ), నీలం రంగు ప్లాస్టర్లు పెట్టాం. ప్లాస్టర్ ఊడి వంటలో పడితే ఆ రంగే పట్టిస్తుంది. నర్సు గారు ఇచ్చిన టైమర్ కుళాయి పక్కన వేలాడుతోంది, దాని మీద ఆవిడ చేతిరాతతోనే రెండు అంకెలు: కాలితే 20, కోసుకుంటే 10.