సీజర్ రాసుకున్నదే చరిత్రా?

సంపాదకుడు గారికి,

కిందటి నెల మీ ఆదివారం అనుబంధంలో రోమన్ సేనాని జూలియస్ సీజర్ గురించి వచ్చిన వ్యాసానికి ఎవరైనా సవరణ రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరికీ పట్టలేదు.

గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) తెగలకు సీజర్ నాగరికత నేర్పాడట! ఆయన అడుగుపెట్టక ముందే వాళ్లకు సొంత నాణేలున్నాయి, బిబ్రాక్టె లాంటి పట్టణాలున్నాయి. రోమన్ సైనికులు తొడుక్కున్న ఇనుప వలయాల కవచం కూడా గాల్ వారిదేనని రోమన్ పండితుడు వర్రోయే చెప్పాడు. ఎవరు ఎవరికి నేర్పినట్టు?

గాల్ మీద సీజర్ చేసిన యుద్ధం గురించి గాల్ వారు రాసినదేదీ మనకు మిగల్లేదు. మిగిలింది సీజర్ తన గురించి తానే, ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టు రాసుకున్న పుస్తకం. అదైనా మీ వ్యాసకర్త పూర్తిగా చదివారా? క్రీ.పూ. 52లో గాల్‌లోని అవారికమ్ పట్టణంలో ఉన్న సుమారు 40,000 మందిలో 800 మందే బతికి బయటపడ్డారని, ముసలివాళ్లను, ఆడవాళ్లను, పసిపిల్లలను కూడా తన సైనికులు వదల్లేదని సీజరే రాశాడు. మరుసటి ఏడాది ఉక్సెలోడునమ్ అనే మరో గాల్ పట్టణంలో ఆయుధం పట్టినవాళ్ల చేతులు సీజర్ నరికించాడని, ఆ పుస్తకం చివరి భాగం రాసిన ఆయన అనుచరుడు హిర్టియస్ కూడా దాచుకోలేదు. దాచింది మీరు! రైన్ నది దాటి వచ్చిన తెగల మీద సంధి మాటలు నడుస్తుండగానే పడినందుకు సీజర్‌ను ఆ శత్రువులకే అప్పగించాలని రోమ్‌లోనే సెనేట్ సభ్యుడు కేటో పట్టుబట్టాడు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్‌కు ఉన్న వివేచన మన పత్రికకు లేకపోయె.

గాల్ తెగలను కూడగట్టి సీజర్‌తో పోరాడిన నాయకుడు వెర్సింజెటోరిక్స్ అలేసియా కోటలో లొంగిపోయాడని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. లొంగిన మనిషిని ఆరేళ్లు చెరలో ఉంచి, క్రీ.పూ. 46లో రోమ్ వీధుల్లో ఊరేగించి చంపించిన సంగతికి చోటు చాలలేదు కాబోలు. క్లియోపాత్రాతో ప్రేమకథకు మాత్రం అర పేజీ దొరికింది.

ఇక ఆ బొమ్మ! రథమెక్కిన బూడికా రాణిని సీజర్‌ను ఎదిరించిన వీరనారిగా చూపించారు. ఆమె తిరుగుబాటు క్రీ.శ. 60-61లో, బ్రిటన్‌లో, నీరో చక్రవర్తి కాలంలో జరిగింది. అప్పటికి సీజర్ హత్య జరిగి వందేళ్లు దాటింది. ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫులు దిద్దేవారు ఉండేవారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏ బొమ్మ దొరికితే అదే చరిత్ర.

పోనీ, పాఠకులే సరిచూసుకుందామంటే గ్రంథాలయాలు ఏవి? ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఏటా కడుతూనే ఉన్నాం. మా ఊరి గ్రంథాలయంలో చరిత్ర బీరువాకు తాళం, మిగతా అరల నిండా పోటీ పరీక్షల గైడ్లు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, దరఖాస్తు పెట్టుకోమన్నారు!

మొన్న పదవినోదంలో ఒక్క గడి తప్పు పడితే మర్నాడే విచారం వ్యక్తం చేశారు. బూడికా బొమ్మకు కూడా కనీసం అంత చోటు ఇవ్వండి.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి