ధ్యానం మొదలుపెట్టిన కారణం చివరిదాకా ఉండదు

ఎడిటర్ గారికి నమస్కారం.

డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది కదా, అప్పటి నుంచి ఆ రోజు దగ్గర పడితే చాలు పత్రికలన్నీ, మీదీ కూడా, ధ్యానం వల్ల లాభాలు వేస్తున్నాయి. బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, కోపం పోతుంది, పిల్లలకి చదువు మీద మనసు నిలుస్తుంది. తప్పని అనను, నేనూ అలాంటి ఒక లాభం కోసమే వెళ్ళాను. కానీ ఆ లాభాలు చదివి మొదలుపెట్టిన నా తోటి టీచర్లలో చాలామంది నెల తిరక్కుండానే మానేశారు. మానేసి, ఇది మన వల్ల అయ్యేది కాదులే అని సరిపెట్టుకున్నారు. ఈ ఉత్తరం వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2012లో పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్‌తో నాకు నిద్ర కరువైంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా ఫ్యాను వైపు చూస్తూ పడుకోవడమే. డాక్టరు గారు సగం మాత్రతో మొదలుపెట్టారు, అది ఒకటయింది. ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన అనే ధ్యాన పద్ధతి నేర్పే కేంద్రం ఉంది, పది రోజులు అక్కడే ఉంచుతారు, డబ్బు అడగరు అని స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ చెబితే వేసవి సెలవుల్లో వెళ్ళాను. నిద్ర పైకి చెప్పిన కారణం. లోపల ఇంకోటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో వరసగా పది రోజులు ఎవరికీ వండిపెట్టకుండా నేను ఎక్కడా లేను.

అక్కడ పొద్దున్నే నాలుగింటికి గంట కొడతారు. ఫోన్ ముందే తీసుకుని దాచేస్తారు. మాట్లాడకూడదు, సైగలు కూడా చేయకూడదు, ఆర్యమౌనం అంటారు. పదకొండింటికి భోజనం, కొత్తవాళ్ళకైతే సాయంత్రం ఐదింటికి టీ, ఏదో కొంచెం ఫలహారం, అంతే. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వస్తూ పోతూ ఉండడం గమనించడమే పని, నాలుగో రోజు నుంచి ఒళ్ళంతా తల నుంచి కాళ్ళ దాకా ఎక్కడ ఏం తెలుస్తోందో చూడడం నేర్పుతారు. చదవడానికి తేలిగ్గా ఉంది, కానీ రెండో రోజు మధ్యాహ్నానికి మోకాళ్ళు పీకుతుంటే గేటు ఎంత దూరముందో లెక్కవేసుకున్నాను.

సాయంత్రం రికార్డు చేసిన ఉపన్యాసం వినిపిస్తారు. ఈ పద్ధతిని 1969లో బర్మా నుంచి మన దేశానికి తెచ్చిన గోయెంకా గారు తన కథే చెబుతారు. ఆయన పెద్ద వ్యాపారి, భరించలేని మైగ్రేన్ తలనొప్పి, మార్ఫిన్ ఇంజెక్షన్లు తీసుకునేదాకా వచ్చింది. ఎవరో చెబితే సయాజీ ఊ బా ఖిన్ అనే ధ్యాన గురువు దగ్గరికి వెళ్ళారట. ఆ ఊ బా ఖిన్ గారు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దు, ఇది అంత చిన్న పనికి ఉన్నది కాదు, దుఃఖం నుంచి బయటపడడానికి వస్తే రా, తలనొప్పి దానంతటదే పోతే పోతుంది అన్నారట. అది విని నాకు మనసు చివుక్కుమంది. నిద్ర కోసం వచ్చినదాన్ని, నేను రాకూడని మనిషినా?

తర్వాత తెలిసింది, 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన సరిగ్గా దీనికి ఎదురు పని చేశారని. ఏళ్ళ తరబడి నొప్పులతో బాధపడుతూ, మందులతో పెద్దగా గుణం కనపడని వాళ్ళని పిలిచి కొన్ని వారాల పాటు ఇదే ఎరుకని నేర్పించారు. ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ అని అందరూ అంటున్నది ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. ఒకాయన నొప్పి కోసం రావద్దన్నారు, ఇంకొకాయన నొప్పి ఉంది కాబట్టే రమ్మన్నారు. నాకైతే ఇద్దరూ కావాలి. నిద్ర కోసం రానిచ్చారు కాబట్టే లోపలికి అడుగు పెట్టగలిగాను. అయితే నిద్ర ఒక్కటే కారణమై ఉంటే ఎప్పుడో మానేసేదాన్ని, ఎందుకంటే ఇంటికొచ్చాక మూడు నెలలు బ్రహ్మాండంగా పట్టిన నిద్ర మళ్ళీ పోయింది. మానేశాను కూడా, దాదాపు ఏడాది.

మళ్ళీ కూర్చోబెట్టింది తొమ్మిదో తరగతి పిల్లాడు. హోమ్‌వర్క్ వరసగా మూడో రోజు తేలేదు, పైగా నవ్వాడు. నా చెయ్యి లేచింది. లేచే ముందు చెవులు వేడెక్కడం, పొట్టలో ఏదో బిగుసుకోవడం స్పష్టంగా తెలిశాయి, అది తెలిసేసరికి చెయ్యి కిందికి దిగింది. వాడికి ఏమీ తెలీదు, నాకు తెలుసు. అంతకుముందు ఇరవై ఏళ్ళలో ఎంతమంది పిల్లల మీద ఆ చెయ్యి పడిందో కూడా తెలుసు. ఆ రాత్రి నిద్ర సంగతి తలుచుకోకుండా కూర్చున్నాను, పిల్లల కోసం కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చిన కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. పొద్దున గంటసేపు, సాయంత్రం గంటసేపు, ఒక్క పూట కూడా తప్పకూడదు, నేను మామూలు మనుషుల్లాంటిదాన్ని కాదు అనే గర్వం కోసం రెండు మూడేళ్ళు కూర్చున్నాను. ఎవరైనా కోప్పడితే పాపం వీళ్ళకి తెలియదు అనుకునేదాన్ని. మా వారు ఒకరోజు అననే అన్నారు, "నువ్వు కళ్ళు మూసుకుంటే ఇంట్లో అందరం నోళ్ళు మూసుకోవాలా?" అని. ఎన్ని ఉపన్యాసాలు విన్నా తగలనంత గట్టిగా తగిలింది ఆ మాట. ఈ దశ గురించి ఏ పత్రికలోనూ చదవలేదు, కానీ పాత సాధకుల్ని విడిగా అడిగితే చాలామంది అవునంటారు.

తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చింది. పద్నాలుగు నెలలు మంచంలో ఉంది. గంటసేపు కూర్చునే తీరిక ఎక్కడిది? రాత్రిళ్ళు ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఊపిరి వింటూ నా ఊపిరి చూసుకునేదాన్ని. అప్పుడు నాకేదో కావాలని కాదు. ఆవిడ అడిగిందే మళ్ళీ అడిగినప్పుడు విసుక్కోకుండా ఉంటే చాలనిపించేది, కొన్నిసార్లు విసుక్కున్నాను కూడా. అమ్మ పోయాక మాత్రం తిరిగి తిరిగి మొదటి కారణానికే వచ్చాను. నిద్ర పట్టేది కాదు, నిద్ర కోసమే కూర్చున్నాను.

డీన్ షాపిరో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో, ఏళ్ళ తరబడి ధ్యానం చేస్తున్నవాళ్ళ ఉద్దేశాల మీద ఒక అధ్యయనం చేశారు. ముందు ఒత్తిడి లాంటివి అదుపులో పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు, పోనుపోను తమను తాము తెలుసుకోవడం వైపు, ఆపైన విముక్తి వైపు జరుగుతారని ఆయన చెప్పింది. ఎవరు ఏ ఉద్దేశంతో కూర్చున్నారో వాళ్ళకి దక్కింది కూడా చాలావరకు దానికి తగ్గట్టే ఉందట. ఇది నిజమనే అనిపిస్తుంది, కాకపోతే నాది మెట్లెక్కినట్టు సాగలేదు. ఎక్కాను, దిగాను, మొదటి మెట్టు మీదే మళ్ళీ కూలబడ్డాను. అలా కూలబడినవాళ్ళు అది ఓటమి అనుకుని మానేస్తున్నారు. నా బాధంతా అదే.

స్కూళ్ళలో మార్కుల కోసమని పిల్లల్ని కళ్ళు మూయించేవాళ్ళకీ ఒక మాట. మార్కులతో మొదలుపెట్టండి, పర్వాలేదు, కానీ మార్కులు రాకపోతే తప్పు పిల్లవాడి ధ్యానానిది అనకండి. తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్నవాళ్ళని ముందు డాక్టరు దగ్గరికే పంపండి, విపశ్యన దరఖాస్తులో కూడా ఆ సంగతి అడుగుతారు.

ఎడిటర్ గారూ, ఈసారి డిసెంబరులో లాభాలు వేసే చోట ఒక పని చేయండి. పదేళ్ళు దాటి సాధన చేస్తున్న మామూలు మనుషుల్ని, ఆర్టీసీ డ్రైవర్నో, నర్సునో, కిరాణా కొట్టాయన్నో, రెండు ప్రశ్నలు అడగండి. మొదట్లో ఎందుకు కూర్చున్నారు, ఇవాళ పొద్దున ఎందుకు కూర్చున్నారు అని. రెండు జవాబులూ పక్కపక్కన వేయండి. నన్ను అడిగితే రెండోదానికి ఇలా చెబుతాను. ఇవాళ పొద్దున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి వచ్చి కూర్చున్నాను, ఎందుకని అనుకోలేదు. రేపు ఏ కారణం వస్తుందో తెలీదు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ఏలూరు జిల్లా