ఉన్న మాస్టార్లను నిలుపుకోరా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా బడుల్లో నల్లజాతి మగ ఉపాధ్యాయుల కొరత గురించి పది రోజుల కిందట మీరు వేసిన వార్త నిండా కొత్తవారిని ఎలా తీసుకురావాలన్న చర్చే ఉంది. ఉన్నవారు ఎందుకు మానేస్తున్నారో ఒక్క వాక్యమైనా లేదు.

మేముండేది నార్త్ కరోలినాలో. మా అబ్బాయికి ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు ఆ బడి మొత్తానికి ఏకైక నల్లజాతి మగ ఉపాధ్యాయుడు. తల్లిదండ్రులను తరగతికి రానిచ్చిన రోజున నేను వెనక కూర్చుని చూశాను. భిన్నాల కూడిక బోర్డు మీద సగంలో ఉండగానే ఆఫీసు నుంచి ఒకరు, పక్క తరగతి నుంచి మరొకరు అల్లరి చేసిన పిల్లలను తెచ్చి ఆయనకు అప్పగించి వెళ్లిపోయారు. ఇద్దరూ నల్లజాతి పిల్లలే. ఆయన చేతిలో మార్కరుతోనే గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, వాళ్లతో నెమ్మదిగా మాట్లాడి లేచేసరికి గంట మోగింది. ఈ చాకిరీకి అదనపు జీతం లేదు, పీరియడ్ల తగ్గింపు లేదు. పిల్లల మార్కులు తగ్గితే సంజాయిషీ మాత్రం ఆయనే ఇచ్చుకోవాలి. మూడో ఏడు పూర్తికాగానే ఆయన ఉద్యోగం వదిలేశారు. ఎందుకు వెళ్తున్నారని అడిగిన అధికారి ఒక్కరూ లేరు.

2020-21 లెక్కల్లో ఈ దేశపు ప్రభుత్వ బడుల ఉపాధ్యాయుల్లో నల్లజాతి పురుషులు సుమారు 1.3 శాతం. తెల్ల, నల్లజాతి పిల్లలకు వేరువేరు ప్రభుత్వ బడులు నడపడం రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన బ్రౌన్ తీర్పు తరవాత, ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల అధికారులు పిల్లలను కలిపే పేరుతో నల్లజాతి బడులను మూసి, వేలాది ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను ఇంటికి పంపారు; ఆ గొయ్యి ఇప్పటికీ పూడలేదు. మా రాష్ట్రపు పిల్లల వివరాలతోనే 2017లో వెలువడిన పరిశోధన, మూడు నుంచి అయిదు తరగతుల మధ్య ఒక్క నల్లజాతి టీచరు దొరికినా నిరుపేద నల్లజాతి అబ్బాయిలు చదువు మధ్యలో మానేసే అవకాశం 39 శాతం తగ్గుతుందని తేల్చింది. సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం 2000 నుంచి ఇలాంటి యువకులకు ఫీజు సాయం చేస్తూ, ఒక జట్టుగా ఉంచి ఉపాధ్యాయులుగా తయారుచేస్తోంది. దారి తెలిసి కూడా 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఉపాధ్యాయ శిక్షణ గ్రాంట్లను కోట్ల డాలర్ల మేర రద్దుచేయడం నాకు కడుపుమంటగా ఉంది.

మన తెలుగువాళ్లం బడి రేటింగు చూసి ఇల్లు కొంటాం గానీ, ఆ బడిలో మాస్టార్లు ఎన్నేళ్లు నిలుస్తున్నారో అడగం. వచ్చే స్కూల్ బోర్డు సమావేశంలో నేను అడగబోతున్నాను: క్రమశిక్షణ పని అప్పగిస్తే దానికి వేతనం ఇవ్వండి, పాఠం మధ్యలో పిలవకండి, ఒక్కో బడికి ఒక్కరిని ఒంటరిగా వేయకండి. తోటి తెలుగు తల్లిదండ్రులు నాతో రావాలి.

ఇట్లు,
ఒక తల్లి, షార్లెట్