పట్టుబడిన సరుకు సరే, మానలేని మనిషి సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఈ-సిగరెట్ల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు ఎక్కువగా ఎక్కడ ఎంత సరుకు పట్టుబడింది, ఏ కళాశాల దగ్గర అమ్ముతున్నారు అన్న విషయాలకే పరిమితమవుతున్నాయి. అవి అవసరమైన వార్తలే, కాదనను. అయితే గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల నడుమ మందుల దుకాణం నడుపుతున్న నాకు, ఆ వార్తల్లో కనిపించని మనుషులు కౌంటరు దగ్గర కనిపిస్తుంటారు. ముప్పై, నలభై ఏళ్ల వయసులో, ఉద్యోగాలు చేసుకుంటూ, పక్కన తెలిసినవాళ్లెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, ఈ-సిగరెట్టు మానడానికి నమిలే నికోటిన్ గమ్ అడిగేవాళ్లు వీళ్లు.

తమకు పట్టుదల లేదని వీరిలో చాలామంది నమ్ముతారు. నా ఉద్దేశంలో అది సగం కూడా నిజం కాదు. సిగరెట్టయితే ఒక చోట అయిపోతుంది, దాని కోసం బయటికి వెళ్లాలి, వాసన పట్టిస్తుంది. వేప్‌కు, అంటే ఈ-సిగరెట్టుకు, ఆగే చోటంటూ లేదు. స్నానాలగదిలోనూ, కారులోనూ రోజంతా సాగుతుంది. పైగా చాలా రకాల్లో నికోటిన్ సాల్ట్ రూపంలో ఉండటంతో గొంతు మండకుండానే ఎక్కువ మోతాదు లోపలికి పోతుంది. రోజుకు ఎన్నిసార్లని అడిగితే ఎవరూ లెక్క చెప్పలేరు కనుక, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తారని అడుగుతాను. అరగంటలోపే అన్నవారికి మానడం బాగా కష్టమవుతుంది.

రెండో చిక్కు సిగరెట్టుతోనే. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగే ఉద్యోగం చేసే మా బావమరిది మొదటిసారి వేప్ మానేసి, మూడు వారాలకే టీ బడ్డీ దగ్గర మళ్లీ సిగరెట్టు అందుకున్నాడు. రెండోసారి రెండూ ఒకే రోజు వదిలాడు, ఆ సంగతి ముందుగా మా చెల్లెలికి చెప్పాడు, కొన్నాళ్లు ఆ బడ్డీ వైపే వెళ్లలేదు. మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయని ముందే తెలియడం అతనికి చాలా పనికొచ్చింది.

గమ్ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఎక్కువ మంది ఓడిపోయేది అక్కడే. 2 మిల్లీగ్రాముల గమ్‌కు డాక్టరు చీటీ అక్కర్లేదు, కానీ దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలి ఉమ్మి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట తప్ప ఫలితం ఉండదు. నెమ్మదిగా నమిలి, నోట్లో ఘాటు తెలియగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, టీ తాగకూడదు. మన ఊళ్లో ఇది చిన్న షరతేమీ కాదు.

అమెరికాలో వేప్ మానాలనుకున్న 160 మంది పెద్దలపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, నికోటిన్ మానడానికి ఇచ్చే సైటిసినిక్లిన్ అనే మందు మాత్రలు 12 వారాలు వాడినవారిలో చివరి నాలుగు వారాలూ దూరంగా ఉండగలిగినవారు 31.8 శాతం కాగా, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 15.1 శాతమే. అంటే మందుతో కూడా దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ ప్రయత్నంలో మానలేకపోయారు. ఇక ఒంటరిగా, చాటుగా ప్రయత్నించేవాడిని ఏమని తప్పుపడతాం? 18 నుంచి 24 ఏళ్లవారిపై 2021లో వచ్చిన మరో అధ్యయనంలో, ఫోనుకు క్రమంగా సందేశాలు అందినవారిలో 24.1 శాతం, అందనివారిలో 18.6 శాతం ఏడు నెలల తర్వాత వేప్‌కు దూరంగా ఉన్నారు. తేడా చిన్నదే, అయినా దానికి అయ్యే ఖర్చు కూడా చిన్నదే.

మన దగ్గర ఈ-సిగరెట్లపై 2019 నాటి నిషేధ చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలకు శిక్షలు విధించింది. వాడినందుకు శిక్ష అందులో లేదు. అయినా ఆ భయంతోనే చాలామంది డాక్టరు దగ్గర నోరు విప్పరు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమున్న ఈ ఊళ్లో చుట్ట, బీడీ గురించి మాట్లాడటానికి ఎవరికీ సిగ్గు లేదు, వేప్ దగ్గరకొచ్చేసరికి మాత్రం గొంతు పడిపోతుంది.

కనుక సరుకు పట్టివేత వార్త వేసిన ప్రతిసారీ, దాని కింద ఒక్క వరుసలో, పొగాకు మానాలనుకునేవారికి ఫోనులో సలహాలిచ్చే, తెలుగులోనూ మాట్లాడే జాతీయ క్విట్‌లైన్ ఉచిత నంబరు 1800-112-356 ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
కొత్తపేట, గుంటూరు