మూడో రోజు పచ్చడి, ఇరవై మూడో రోజు ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మిక్సీ పాడైందని రాయడం లేదు. యంత్రమన్నాక పాడవుతుంది. 23 రోజులుగా నన్ను మనిషి కింద జమకట్టనందుకు రాస్తున్నాను.

మా మిద్దె మీద కుండీల్లో కాసిన పండుమిరపకాయలు రెండు కిలోలు. కడిగి, పాత పంచె మీద తడి లేకుండా ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి మీ మిక్సీలోనే కచ్చాపచ్చాగా తిప్పి జాడీకెత్తాను. మూడో రోజు మెత్తగా రుబ్బి మెంతిపిండి కలపాలి. సరిగ్గా ఆ రోజే మిక్సీ గుర్రుమని ఆగిపోయింది.

ఫోన్ చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను. 18 నిమిషాలు మ్యూజిక్ విన్నాక వచ్చినాయన హిందీలో మొదలెట్టాడు. రెండోసారి ఒకమ్మాయి "తడి పదార్థమా, పొడి పదార్థమా మేడమ్?" అంది. పండుమిరప తొక్కు అన్నాను. "అంటే సాస్ లాంటిదా?" అంది. జాడీ మూత తీసి ఫోన్ దగ్గర పెడదామంటే, ఘాటు అటు చేరే సౌకర్యం మీ కంపెనీ ఇంకా పెట్టలేదు.

48 గంటల్లో టెక్నీషియన్ వస్తాడన్నారు. ఐదో రోజు మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి! ఇదేంటని అడిగితే "ఇంటికి తాళం వేసి ఉందని రాశారు మేడమ్" అన్నారు. ఆ రోజంతా మా మామగారు వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

ఇక ఆగలేక పక్కింటి పెద్దమ్మ గారి రోట్లో రుబ్బుకున్నాను. రెండు రోజులు చేతులు మండిపోయాయి. పచ్చడి మాత్రం మిక్సీలో కన్నా బాగా కుదిరింది, అది మీ గొప్పేం కాదు.

పదకొండో రోజున వచ్చిన కుర్రాడు జార్ మూత తీసి, మూడుసార్లు తుమ్మి, "కారం వేశారుగా, వారంటీ రాదు" అని వెళ్ళిపోయాడు. గుంటూరులో మిక్సీలో కారం వేయక పాయసం పోస్తామా అండీ? ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా "పై అధికారులకు పంపాం" అన్న మాటే.

మా అమ్మ మీ మిక్సీ 18 ఏళ్ళు వాడింది. నా సారెలోనూ అదే పెట్టింది. నా మాట నమ్మి మా ఆడపడుచు, తోడికోడలు కూడా మీదే కొన్నారు. ఇప్పుడు తోడికోడలు నన్ను చూసి నవ్వుతోంది.

మోటారు మారుస్తారో, కొత్తదే ఇస్తారో మీ ఇష్టం. ముందు తెలుగొచ్చిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి మాట్లాడాలి. సోమవారం దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, మీరే ఇక్కడిదాకా రావాలి.

ఇట్లు,
తాళం వేయని ఇంటావిడ